పాత కంప్యూటర్ మొరాయిస్తే మొదట చూడాల్సింది గడియారం

పదేళ్లు దాటిన కంప్యూటర్‌ను మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే సాధారణంగా వినిపించే మాట ఒకటే: 'ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేద్దాం.' సైట్లు తెరుచుకోకపోయినా, వీడియో ఆగి ఆగి నడిచినా, తెలుగు అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపించినా, సిస్టమ్ ఆన్ కావడానికి పది నిమిషాలు పట్టినా మందు మాత్రం అదే. కొన్నిసార్లు ఈ మందు పనిచేస్తుంది కూడా. అందుకే దాని మీద నమ్మకం పోలేదు. కానీ ఫార్మాట్ చేస్తే లోపంతో పాటు ఆ లోపం ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు కూడా చెరిగిపోతాయి. పైగా పాత యంత్రాలలో బ్రౌజర్ మీద పడే నిందల్లో చాలావాటికి మూలం బ్రౌజర్ కింద ఉంటుంది. తనకు కావలసిన సమయాన్ని, మెమరీని, అక్షరాల ఫాంట్లను, కొన్నిసార్లు ఏ సైటును నమ్మాలో చెప్పే జాబితాను కూడా బ్రౌజర్ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర అరువు తెచ్చుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వాటిలో కొన్నింటిని మదర్‌బోర్డు దగ్గర తెచ్చుకుంటుంది. అరువిచ్చేవాడి దగ్గరే సరుకు లేనప్పుడు తెచ్చుకునేవాడిని ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

వీటన్నింటిలో అతి చిన్నది, అతి తరచుగా ఎదురయ్యేది గడియారం లోపం. కొన్నాళ్లు మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌ను ఆన్ చేసి ఏ బ్యాంకు సైటునో తెరవబోతే 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అన్న హెచ్చరిక వస్తుంది. దాన్ని చూసినవారు నెట్ కనెక్షన్‌లోనో సైటులోనో తప్పుందని అనుకుంటారు. వైరస్ అని భయపడేవారూ ఉంటారు. స్క్రీన్ కింద కుడి మూలన తేదీ చూస్తే మాత్రం ఎప్పటిదో ఒక జనవరి 1 కనిపిస్తుంది. సురక్షిత సైటు ప్రతిదానికీ ఒక సర్టిఫికెట్, అంటే డిజిటల్ గుర్తింపు పత్రం ఉంటుంది, దాని మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. 2020 సెప్టెంబరు 1 నుంచి జారీ అయిన సర్టిఫికెట్లకు గరిష్ఠ గడువును 398 రోజులుగా నిర్ణయించారు, ఆ తర్వాత దాన్ని ఇంకా తగ్గించుకుంటూ వస్తున్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చేవాటికి 90 రోజులకు మించదు. కంప్యూటర్ తాను 2009లో ఉన్నానని అనుకుంటున్నప్పుడు, నిన్న జారీ అయిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. బ్రౌజర్ ఆ సర్టిఫికెట్‌ను తిరస్కరించడం దాని లెక్క ప్రకారం సబబే.

తేదీ ఇలా వెనక్కి పోవడానికి కారణం మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్ 2032 అనే 3 వోల్టుల బటన్ సెల్. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. డెస్క్‌టాప్ షట్‌డౌన్ అయి ఉన్నా, గోడ మీది స్విచ్ వేసి ఉంటే పవర్ సప్లై నుంచి కొద్దిపాటి విద్యుత్తు మదర్‌బోర్డుకు అందుతూనే ఉంటుంది కాబట్టి సెల్ మీద భారం పడదు. మన ఇళ్లలో రాత్రి పడుకునే ముందు స్విచ్ బోర్డు దగ్గరే ఆపేయడం అలవాటు. పిడుగుల కాలంలో అది మంచి అలవాటు కూడా. అయితే ఆ గంటలన్నీ సెల్ ఖాతాలోకే వెళ్తాయి. అది ఓపిక కోల్పోయాక ప్రతి ఉదయం కంప్యూటర్ తన పుట్టిన సంవత్సరానికి వెళ్లిపోతుంది, ఆన్ చేయగానే 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్' అని చూపించి ఎఫ్1 నొక్కమంటుంది. పెద్ద ఖర్చేమీ లేని సెల్ మారిస్తే తీరిపోయే ఈ సమస్యకు ఫార్మాట్ చేయించుకున్న కంప్యూటర్ మర్నాడు ఉదయం మళ్లీ అక్కడికే వస్తుంది.

నెట్ ఉన్నప్పుడు విండోస్ తనంతట తానే సమయాన్ని సరిచేసుకోవచ్చు కదా అన్న సందేహం రావడం సహజం. సరిచేసుకుంటుంది, కానీ దానికొక హద్దు ఉంది. ఆఫీసు నెట్‌వర్క్ డొమైన్‌లో లేని, ఇంట్లో వాడే విండోస్ కంప్యూటర్‌కు మైక్రోసాఫ్ట్ పెట్టిన హద్దు 54,000 సెకన్లు, అంటే 15 గంటలు. తేడా అంతకు మించితే నెట్‌లోని సమయ సర్వర్ చెప్పిన సమయాన్ని విండోస్ అనుమానించి పక్కన పెడుతుంది. కనుక ఏళ్ల తరబడి వెనక్కి పోయిన గడియారాన్ని మొదట చేత్తోనే సరిచేయాలి, తర్వాతే ఆటోమేటిక్ సర్దుబాటు పనిచేస్తుంది. చేత్తో సరిచేసేటప్పుడు టైమ్ జోన్ చూడడం మరిచిపోవడం ఇంకో పొరపాటు. విండోస్ కొత్తగా వేసినప్పుడు జోన్ అమెరికా పసిఫిక్ తీరానికి ఉండిపోవడం తరచూ జరుగుతుంది. అప్పుడు తెర మీద గంటలు, నిమిషాలు సరిగ్గా కనిపిస్తున్నా, లోపల లెక్కించుకునే ప్రపంచ ప్రామాణిక సమయం చలికాలంలో 13 గంటల 30 నిమిషాలు ముందుకు జరిగి ఉంటుంది. ఒకే యంత్రంలో విండోస్‌ను, లినక్స్‌ను రెండింటినీ పెట్టుకున్నవారికి మరో వింత ఎదురవుతుంది: లినక్స్ నుంచి విండోస్‌లోకి రాగానే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్, ప్రామాణిక సమయమని లినక్స్ అనుకోవడమే దీనికి కారణం. సెల్‌కు ఇందులో పాత్ర లేదు. తేడా ఐదున్నర గంటలా, పదేళ్లా అన్నది చూస్తే చాలు, తప్పు ఎవరిదో తెలిసిపోతుంది.

గడియారం సరిగ్గానే ఉండి కూడా సర్టిఫికెట్ హెచ్చరిక ఆగకపోతే అనుమానించాల్సింది రూట్ సర్టిఫికెట్ల జాబితాను. ఏ సంస్థలు ఇచ్చిన సర్టిఫికెట్లను నమ్మవచ్చో చెప్పే ఈ జాబితా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంటుంది, అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రంలో అదీ పాతబడిపోతుంది. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ గడువు ముగిసినప్పుడు ఇదే జరిగింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు వాడే లెక్కలేనన్ని సైట్లు అప్పటిదాకా ఆ రూట్ ఆసరాతోనే పాత యంత్రాలలో తెరుచుకునేవి; దాని స్థానంలోకి వచ్చిన ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 గురించి తెలియని పాత మ్యాక్‌లు, పాత ఐఫోన్లు ఒక్క పూటలో వాటికి దూరమయ్యాయి. ఈ లోపాన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఫైర్‌ఫాక్స్ మొదటి నుంచీ తన సొంత జాబితాను వెంట తెచ్చుకుంటుంది. అందువల్ల అదే సైటు ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుని, సిస్టమ్ జాబితా మీద ఆధారపడే బ్రౌజర్‌లో తెరుచుకోకపోతే తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌దే. పాత యాంటీవైరస్‌లు సురక్షిత సైట్లను తనిఖీ చేయడానికి మధ్యలో దూరి తమ సర్టిఫికెట్‌ను చూపించే సందర్భాలూ ఉన్నాయి. సైటు చిరునామా పక్కనున్న తాళం గుర్తు (కొత్త క్రోమ్‌లో దాని స్థానంలో ఉన్న గుర్తు) నొక్కి, జారీ చేసిన సంస్థ పేరు దగ్గర యాంటీవైరస్ పేరు ఉందేమో చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. కారణం ఏదైనా, హెచ్చరికను దాటి 'పర్వాలేదు, ముందుకు వెళ్లు' అని నొక్కడం, ముఖ్యంగా డబ్బు వ్యవహారాలున్న సైట్లలో, చేయదగిన పని కాదు.

ఫార్మాట్ వల్ల సమస్య తీరకపోగా పెరిగే చోటు కూడా ఇక్కడే ఉంది. పాత డీవీడీ నుంచి విండోస్ 7ను కొత్తగా వేసినప్పుడు ఆ యంత్రం కొత్తదైపోదు, 2009 నాటిదవుతుంది. దానితో వచ్చే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8లో, సైటుతో సంభాషణను రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్ పద్ధతి 1.1, 1.2 వెర్షన్లు ఉన్నా, అవి ఆపేసి ఉంటాయి, 1.0 మాత్రమే పనిచేస్తుంది. ప్రధాన బ్రౌజర్లు 2020లో టీఎల్‌ఎస్ 1.0, 1.1లకు స్వస్తి చెప్పాయి, సర్వర్లలోనూ చాలావరకు వాటికి తలుపులు మూశారు. కాబట్టి వేరే బ్రౌజర్ దించుకుందామన్నా దాన్ని ఇచ్చే సైటే తెరుచుకోదు. పోనీ అప్‌డేట్లు వేద్దామంటే, మైక్రోసాఫ్ట్ 2019లో అప్‌డేట్ల మీద వేసే డిజిటల్ సంతకాన్ని ఎస్‌హెచ్‌ఏ-2 పద్ధతికి మార్చింది; ఆ సంతకాన్ని గుర్తుపట్టడం నేర్పే అప్‌డేట్ లేని విండోస్ 7 తర్వాతి అప్‌డేట్లను స్వీకరించలేదు. దుకాణం నుంచి తెచ్చుకున్న రోజున కళకళలాడుతూ కనిపించిన సిస్టమ్ ఇంటికి వచ్చాక ఒక్క సైటునూ తెరవలేకపోవడం వెనక ఉన్న కథ ఇది. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో టీఎల్‌ఎస్ 1.2 ఎదురుగా టిక్ పెట్టడం, సర్వీస్ ప్యాక్ 1ను, సంతకానికి సంబంధించిన కేబీ 4490628, కేబీ 4474419 అప్‌డేట్లను, బ్రౌజర్ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ను మరో కంప్యూటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం దీనికి మార్గం.

సైటు తెరుచుకుని, పేజీ మాత్రం తెల్లగా ఉండిపోవడం లేదా బటన్లు నొక్కినా కదలకపోవడం వేరే జాతి సమస్య. ఇక్కడ మాత్రం తప్పు నిజంగానే బ్రౌజర్ వయసుది. విండోస్ ఎక్స్‌పీకి చివరి క్రోమ్ 49వది, చివరి ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్‌ఆర్ (ఎక్కువ కాలం మద్దతు ఇచ్చే వెర్షన్). విండోస్ 7, 8, 8.1లకు క్రోమ్ 109తో ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్‌కు కనీసం విండోస్ 10 కావాలి. 2023 జూలైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్‌కు మాత్రం ఆ పాత విండోస్‌ల కోసం మొజిల్లా మద్దతు గడువును పలుమార్లు పొడిగించింది. జావాస్క్రిప్ట్ భాషలో 2020 ప్రాంతంలో చేరిన ప్రశ్నార్థకం, చుక్క కలిసిన ఒక గుర్తును ఉదాహరణగా తీసుకోవచ్చు. అది క్రోమ్‌కు 80వ వెర్షన్ నుంచే తెలుసు. 49వ వెర్షన్‌కు అటువంటి గుర్తు ఒక్కటి ఎదురైనా, ఆ ఒక్క వాక్యాన్ని వదిలేసి ముందుకు సాగదు. మొత్తం స్క్రిప్ట్ ఫైలునే చదవడం మానేస్తుంది. పేజీని నిర్మించే పని అంతా ఆ ఫైలులోనే ఉంటే కనిపించేది తెల్ల కాగితమే. ఎఫ్12 నొక్కి కన్సోల్‌లో చూస్తే 'సింటాక్స్ ఎర్రర్' అని ఎర్రగా రాసి ఉంటుంది. ఆ ఎర్ర గీత కనిపించాక క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు) తుడవడం, కుకీలు చెరపడం కాలక్షేపమే. బ్రౌజర్ తన పేరును కొత్త వెర్షన్‌గా చెప్పుకునేలా మార్చే ఎక్స్‌టెన్షన్లూ గుమ్మం దాటించగలవు గానీ లోపల మాట్లాడే భాషను నేర్పలేవు.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి, వాటిని కూడా పైపైన చూసి బ్రౌజర్ లోపమని అనుకోవడం జరుగుతుంది. అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని అర్థం. అక్షరాలు కనిపిస్తూనే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పక్కన పడి ఉంటే, ఫాంటు ఉంది గానీ అక్షరాలను కూర్చే యంత్రాంగం లేదని అర్థం. తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వరసగా కనిపిస్తే ఆ పాఠం యూనికోడ్‌లో లేదని, అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిందని అర్థం. మూడింటికీ మూడు వేర్వేరు చికిత్సలు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, రీజనల్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న గడిలో టిక్ పెట్టి, సీడీ నుంచి ఫైళ్లు ఎక్కించేదాకా తెలుగు కుదురుగా కనిపించేది కాదు. విండోస్ 7తో గౌతమికి తోడుగా వాణి కూడా వచ్చింది. 2010లో పుట్టిన రూపాయి గుర్తు అంతకు ముందు ఏడాదే విడుదలైన విండోస్ 7కు తెలియకపోవడం, తర్వాత అప్‌డేట్‌తో నేర్చుకోవడం కూడా ఈ కోవలోదే. అప్‌డేట్ వేయని యంత్రాలలో ధరల ముందు ఇప్పటికీ డబ్బానే ఉంటుంది. అక్షరాలను కూర్చే పని ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎంత లోతున ఉంటుందో చెప్పడానికి 2018 ఫిబ్రవరి నాటి సంగతి చాలు. 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేక కనిపించని గుర్తుతో కలిపి పంపితే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో, అప్పటి మ్యాక్‌లలో దాన్ని చూపించబోయిన యాప్‌లు కుప్పకూలాయి, 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఆ యాప్‌లను తీసి మళ్లీ వేసినవారికి ప్రయోజనం కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక నెమ్మదితనం. ఇది అన్నింటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, అన్నింటికన్నా తక్కువగా కొలిచి చూసే విషయం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్‌లో, విండోస్ 10 ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే, డిస్క్ గడిలో 100 శాతం అని కనిపించడం పరిపాటి. దాని పక్కనే సెకనుకు ఎంత డేటా చదువుతోందో చూస్తే అది ఒకటి రెండు ఎంబీలు మాత్రమే ఉంటుంది. ఈ రెండు అంకెలకు పొంతన కుదరాలంటే హార్డ్‌డిస్క్ పనితీరు తెలియాలి. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు డిస్క్‌ను చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం, దానికి తోడు తల సరైన వరసకు జరగడానికి మరో పది మిల్లీసెకన్లకు పైగా. అంటే డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను అది సెకనుకు అరవై డెబ్బై సార్లకు మించి అందుకోలేదు. ఒక్కో ముక్క నాలుగు కిలోబైట్లయితే సెకనుకు మొత్తం పావు ఎంబీ. డిస్క్ ఊపిరి సలపకుండా పరుగెడుతున్నా చేతికి వచ్చేది అంతే.

ఇంత పని దానికి ఎవరు చెబుతున్నారన్నది అసలు ప్రశ్న. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని డిస్క్ మీది పేజ్ ఫైలులోకి తోసి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. అందువల్ల ర్యామ్ కొరత కూడా డిస్క్ సమస్య వేషంలోనే కనిపిస్తుంది. రిసోర్స్ మానిటర్‌లో మెమరీ విభాగంలో హార్డ్ ఫాల్ట్స్ అన్న అంకె నిమిషాల తరబడి వందల్లో ఉంటే కొరత ర్యామ్‌దే. ఆ అంకె తక్కువగా ఉండి కూడా డిస్క్ 100 దగ్గరే నిలిస్తే విండోస్ అప్‌డేట్, సెర్చ్ ఇండెక్సింగ్, డిఫెండర్ స్కాన్ వంటివి నేపథ్యంలో నడుస్తూ ఉండాలి, లేదా డిస్కే దెబ్బతింటూ ఉండాలి. పదేళ్ల కిందట పది ట్యాబులు తెరిస్తే ఇబ్బంది పడని 4 జీబీ యంత్రం ఇప్పుడు నాలుగింటికే ఎందుకు ఆయాసపడుతోందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఉంది. పేజీలు బరువెక్కాయి, వాటితో పాటు బ్రౌజర్లూ బరువెక్కాయి. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఒక సైటు సమాచారాన్ని మరో సైటు దొంగిలించకుండా క్రోమ్ 67 నుంచి ఒక్కో సైటును వేర్వేరు ప్రాసెస్‌లో ఉంచడం మొదలుపెట్టారు. దానివల్ల మెమరీ వాడకం పది నుంచి పదమూడు శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. ఆ భద్రత అవసరమైనదే. దాని ఖర్చు మాత్రం పాత కంప్యూటర్ భరిస్తోంది. 32 బిట్ విండోస్ ఉన్నచోట 4 జీబీ ర్యామ్ పెట్టినా వాడుకోగలిగేది మూడు, మూడున్నర మధ్యే కాబట్టి, అక్కడ ఇంకో ర్యామ్ స్టిక్ కొనడం డబ్బు పారబోయడమే.

డిస్క్ దెబ్బతింటున్నదా అన్నది తేలకుండా ఫార్మాట్ చేయడం మాత్రం క్షమించరాని పని. పనిచేస్తూ పనిచేస్తూ సిస్టమ్ అర నిమిషం బిగుసుకుపోయి మళ్లీ కదలడం, ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ పేరు మీద 7వ నంబరు ఎర్రర్ నమోదై ఉండడం, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే 'స్మార్ట్' వివరాల్లో రీలొకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు (పాడైన, అనుమానాస్పదమైన చోట్లు) సున్నా దాటి పెరుగుతూ ఉండడం దానికి గుర్తులు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ అంకెలను చూపిస్తుంది. ఇవి కనిపించినప్పుడు ముందు ఫొటోలు, పత్రాలు వేరే చోటికి కాపీ చేయాలి. చెక్‌డిస్క్‌తో బ్యాడ్ సెక్టర్ల తనిఖీ దాని తర్వాతి మాట, ఎందుకంటే ఆ తనిఖీ డిస్క్ అంతటినీ చదివిస్తుంది, చివరి దశలో ఉన్న డిస్క్ ఆ శ్రమకు తట్టుకోకపోవచ్చు. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది, డిస్క్ ఉపరితలం జోలికి పోదు. అలా వేసిన విండోస్ కొన్నాళ్లు బాగున్నట్టే నడిచి, దెబ్బతిన్న చోటు తగిలినప్పుడు మళ్లీ బిగుసుకుంటుంది. ఈ దశలో పెట్టే డబ్బేదో, తిరిగే భాగాలు లేని సాటా ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌కు పెట్టడం మేలు. పాత మదర్‌బోర్డులోని సాటా 2 పోర్టు ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగాన్ని అందుకోలేదని కొందరు వెనకాడతారు గానీ, పాత యంత్రానికి లాభం వచ్చేది ఆ వేగంలో కాదు, ముక్క ముక్కను వెతికే పదిహేను మిల్లీసెకన్లు దాదాపు మాయమవడంలో.

ఆన్ చేసిన పది నిమిషాలు చురుగ్గా ఉండి తర్వాత మందగించే యంత్రానికి మాత్రం డిస్క్, ర్యామ్ రెండూ కారణం కాకపోవచ్చు. ఫ్యానులో దుమ్ము పేరుకుని, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే వేడిని తట్టుకోవడానికి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రెంటచింతల ఎండల్లో ఈ లోపం మే నెలలో కనిపించి జూలైలో మాయమైతే వింతేమీ లేదు. యూట్యూబ్ వీడియో మాత్రమే తడబడుతుంటే వీడియో మీద కుడి క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవాలి. కోడెక్ (వీడియోను కుదించి విప్పే పద్ధతి) దగ్గర వీపీ 09 అనో ఏవీ 01 అనో ఉంటే, వాటిని విప్పే ప్రత్యేక భాగం పాత ప్రాసెసర్లలో లేదు కాబట్టి ఆ పని అంతా సాధారణ ప్రాసెసింగ్ మీద పడుతోందని అర్థం. ఇంటెల్‌లో వీపీ9కు పూర్తి హార్డ్‌వేర్ తోడ్పాటు ఏడో తరం నుంచి వచ్చింది. హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్.264 రూపంలో వీడియో పంపుతుంది, దాన్ని విప్పగల భాగం ఎంతో పాత చిప్‌లలో కూడా ఉంది.

ఇన్ని చూశాక కూడా తప్పు విండోస్‌దా, యంత్రానిదా అన్న సందేహం మిగిలితే లినక్స్ మింట్ వంటిదాన్ని పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా, దాని నుంచే కంప్యూటర్‌ను నడిపి చూడవచ్చు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగియడం, విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ కావలసి రావడంతో చాలామందికి ఈ దారి ఎలాగూ తప్పేలా లేదు. అయితే ఈ పరీక్ష ఫలితాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది. పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్నంతసేపు కంప్యూటర్ తన హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోదు. కాబట్టి అంతా సాఫీగా నడిచినంత మాత్రాన తప్పు విండోస్‌దేనని తేలిపోదు, పాడైన డిస్క్ కూడా ఆ కాసేపు పక్కకు తప్పుకుని ఉంటుంది. అదే లినక్స్‌లో హార్డ్‌డిస్క్‌ను తెరిచి, అందులోని పెద్ద సినిమా ఫైలు ఒకటి మరో పెన్‌డ్రైవ్‌కు కాపీ చేస్తే, మధ్యలో వేగం సున్నాకు పడిపోయి ఆగిందా, ఒకే తీరుగా చివరిదాకా సాగిందా అన్నది చూసి డిస్క్ సంగతి కొంతవరకు అంచనా వేయవచ్చు.